వంటింటి ఉత్తరాలు: అమ్మ చేతి పప్పు, బెంగళూరు నీళ్ళు

ఈ నెల ఈ శీర్షికకు బెంగళూరులోని తెలుగు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే సంగతి అడుగుతున్నాయి. చిన్నప్పుడు ఇంట్లో తిన్న ఫలానా వంటకం ఇక్కడ ఎంత ప్రయత్నించినా ఆ రుచికి రావడం లేదు, కారణం ఏమిటని. కొందరు ప్రశ్నతో పాటు జవాబు కూడా తామే రాసేశారు: అది అమ్మ చేతి మహిమ అని. ఆ మాటను నేను కాదనను గాని, విచారణను అక్కడితో ఆపేయడం నాకు నచ్చదు. చేతి మహిమ అని మనం పేరు పెట్టినదానిలో చాలా భాగం నీళ్ళలోనో, పాలలోనో, ఏది ముందు వేసి ఏది తర్వాత వేశారన్న వరుసలోనో దొరుకుతుంది. ఆరు ఉత్తరాలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఉద్యోగరీత్యా మారతహళ్ళి అవతల ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాము. మా అమ్మ చేసే గోంగూర పప్పు వెన్నలా ఉండేది. నేను అదే కందిపప్పు, అదే గోంగూర కుక్కర్‌లో వేసి ఆరు విజిల్స్ రానిచ్చినా పప్పు పలుకుగానే ఉంటోంది, పైన నీళ్ళు వేరుగా తేలుతున్నాయి. మొన్న అమ్మ ఇక్కడికి వచ్చి చేసినా ఊళ్ళో రుచి రాలేదని ఆవిడే అన్నారు.
— ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యం నాకు బాగా పనికివచ్చింది. అమ్మగారు స్వయంగా గరిటె పట్టినా రుచి రాలేదంటే తేడా చేతిలో లేదు, ఆ చేతికి ఇక్కడ అందిన సరుకులో ఉంది. అన్నిటికన్నా ముందు అనుమానించవలసింది నీళ్ళను. మీరున్న వైపు అపార్ట్‌మెంట్లు చాలా వరకు ఏళ్ళ తరబడి బోరు నీళ్ళ మీద, ట్యాంకర్ల మీద బతికాయి. 2024 అక్టోబరులో కావేరి అయిదో దశ పథకం ప్రారంభమైన తర్వాత నగరం అంచున కలిసిన 110 గ్రామాల ప్రాంతానికి నది నీళ్ళు రావడం మొదలైంది గాని, సంపులో కావేరి నీళ్ళూ బోరు నీళ్ళూ కలిసిపోయే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం పాలు ఎక్కువ. పప్పు బద్దలోని కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థం ఉడికేటప్పుడు కరిగితేనే పప్పు మెదుగుతుంది. కాల్షియం ఆ పెక్టిన్‌ను పట్టి గట్టిపరుస్తుంది కనుక ఎంతసేపు ఉడికించినా బద్ద బద్దగానే మిగులుతుంది. మీ బకెట్ల అంచున, గీజర్ లోపల తెల్లటి పొర కడుతూ ఉంటే, మీ పప్పు కుక్కర్‌లోనూ అదే పని చేస్తోందని అనుకోవచ్చు. ఒక్క పూట ఫిల్టర్ నీళ్ళతో పప్పు అరగంట నానబెట్టి, ఫిల్టర్ నీళ్ళతోనే ఉడికించి చూడండి. పప్పు ఉడకకపోతే చిటికెడు వంటసోడా వేయమని ఇరుగుపొరుగు సలహా ఇస్తారు. పప్పు మెత్తబడే మాట నిజమే, కాని రుచి చప్పబడుతుంది, బి1 విటమిన్ కూడా పోతుంది. ఆ దారి పట్టవద్దు.

రెండో కారణం గోంగూర. పులుపు కూడా పెక్టిన్‌ను కరగనివ్వదు. మీరు పప్పునూ ఆకునూ ఒకేసారి కుక్కర్‌లో వేస్తున్నారని మీ ఉత్తరమే చెబుతోంది. బోరు నీళ్ళు ఒక పక్క, గోంగూర పులుపు ఒక పక్క పట్టుకుంటే ఆరు కాదు, పది విజిల్స్ వచ్చినా కందిపప్పు లొంగదు. గిన్నెలో పప్పు వండిన రోజులలో పప్పు ముప్పాతిక ఉడికిన తర్వాతే ఆకు వేసేవారు. ఎందుకని అడిగితే చాలామంది పెద్దవాళ్ళు కారణం చెప్పలేకపోవచ్చు, కాని వరుస తప్పేవారు కాదు. కుక్కర్ వచ్చాక ఆ వరుస పోయింది. కాబట్టి పప్పును పసుపుతో, రెండు చుక్కల నూనెతో విడిగా ఉడికించి, వేడిగా ఉండగానే పప్పుగుత్తితో ఎనపండి. గోంగూరను వేరే మూకుడులో పచ్చిమిరపకాయలతో, కొద్ది నూనెలో మూత పెట్టి మగ్గనివ్వండి. ఆకు తన నీళ్ళతోనే ముద్దవుతుంది, వేరే నీళ్ళు పోయనక్కరలేదు. ఆ తర్వాత రెండింటినీ కలిపి, ఉప్పు వేసి, అయిదారు నిమిషాలు సన్నటి సెగ మీద ఉడకనిస్తే నీళ్ళు విడిపోవు. ఎర్ర కాడ గోంగూర తెల్ల కాడ దానికన్నా పుల్లన, అందువల్ల కట్ట మారితే పాళ్ళు కూడా మార్చుకోవాలి. మడివాళ మార్కెట్‌లోనో కె.ఆర్. మార్కెట్‌లోనో పుండి సొప్పు అని అడిగితే వెంటనే చూపిస్తారు.

మూడోది, ఊరి ఎత్తు. తెనాలి కృష్ణా డెల్టాలో దాదాపు సముద్ర మట్టంలో ఉంది. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్ళు 100 డిగ్రీల దాకా రాకుండా 97 దగ్గరే మరుగుతాయి. మూత లేని గిన్నెలో వండేవారికి ఈ మూడు డిగ్రీల తేడా బాగా తెలుస్తుంది. కుక్కర్‌లో అంత తెలియదు గాని, మొదటి విజిల్ రాగానే సెగ తగ్గించి పది నిమిషాలు అదనంగా ఉంచడం మంచిది. విజిల్స్ లెక్కపెట్టే అలవాటు కన్నా సన్నటి సెగ మీద ఎంతసేపు ఉందన్న లెక్క నమ్మదగినది.

పప్పును మాత్రం తప్పు పట్టకండి. ఇక్కడి దుకాణాలలో దొరికే కలబురగి కందిపప్పుకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, వాసనలోనూ కమ్మదనంలోనూ అది దేనికీ తీసిపోదు. చూసుకోవలసింది ప్యాకెట్ మీద తేదీ ఒక్కటే. వేడికీ తేమకూ నెలల తరబడి నిలవ ఉన్న పప్పు ఏ నీళ్ళలోనూ సరిగా ఉడకదు. ఇవన్నీ సరిచేసుకున్న తర్వాత కూడా ఏదో తక్కువైందనిపిస్తే పోపు గురించి అమ్మగారిని అడగండి. వెల్లుల్లిని రేకలుగా వేస్తారా, పొట్టుతో చితక్కొట్టి వేస్తారా అన్నది గోంగూర పప్పులో చిన్న విషయం కాదు.

ప్రశ్న: పాలకొల్లులో మా నాయనమ్మ తోడు వేసిన పెరుగును గరిటెతో కోసి వడ్డించేది. ఇక్కడ ప్యాకెట్ పాలతో ఎప్పుడు తోడు వేసినా నీళ్ళ పెరుగే. చలికాలంలో అయితే తెల్లవారినా తోడుకోదు.
— ఒక పాఠకుడు, విజయనగర

జవాబు: నాయనమ్మగారివి గేదె పాలు, మీవి ఆవు పాలు. కర్ణాటకలో డెయిరీలకు చేరేవి ఎక్కువగా ఆవు పాలే. గేదె పాలలో వెన్న శాతం ఏడు దాకా ఉంటుంది, మీరు కొంటున్నది టోన్డ్ పాలు అయితే అందులో ఉండేది 3 శాతం. కనీసం 6 శాతం వెన్న ఉండే ఫుల్‌క్రీమ్ పాలు తీసుకుని, పొంగిన వెంటనే దించేయకుండా సన్నటి సెగ మీద పదోవంతు ఇగిరేదాకా మరగనివ్వండి. నాయనమ్మగారి ఇంట్లో పెరటి దాలిలో పిడకల మీద కుండ పెట్టి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పాలు కాచి ఉంటారు. ఎర్రటి మీగడ, గట్టి పెరుగు అక్కడి నుంచి వచ్చినవే. తోడులోని సూక్ష్మజీవులు 40 డిగ్రీల దరిదాపుల్లో చురుకుగా ఉంటాయి, ఇక్కడ డిసెంబరు, జనవరి రాత్రులలో వేడి 15, 16 డిగ్రీలకు పడిపోతుంది. చిటికెన వేలు ఓర్చుకోగలిగినంత వేడిగా ఉన్నప్పుడే తోడు వేసి, గిన్నెను హాట్‌ప్యాక్‌లో పెట్టి మూత బిగించండి. ఇంత చేసినా దాలి పొగ వాసన మాత్రం రాదు. దానికి నా దగ్గర ఉపాయం లేదు.

ప్రశ్న: అమ్మా, నాది మదనపల్లె. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్నాను. హోటళ్ళలోనూ, మిత్రుల ఇళ్ళలోనూ ముద్దె తింటూనే ఉన్నాను, బాగానే ఉంటుంది. కాని అది మా అమ్మ చేసిన రాగి సంగటి కాదు. రాగులు అవే కదా, తేడా ఎక్కడ?
— ఒక పాఠకుడు, యశవంతపుర

జవాబు: అయ్యా, తేడా బియ్యంలో ఉంది. దక్షిణ కర్ణాటకలో ముద్దె చాలా ఇళ్ళలో రాగి పిండి ఒక్కదానితోనే చేస్తారు. అది నున్నగా, సాగుతూ ఉంటుంది. మీ చిత్తూరు వైపు సంగటిలో ముందు బియ్యమో నూకలో ఉడికించి, ఆ గంజి అన్నం మీద పిండి పోస్తారు. అందువల్ల మన సంగటి ముద్దలో అక్కడక్కడ అన్నం మెతుకు తగులుతుంది, పప్పో పులుసో బాగా పీలుస్తుంది.

ఇంట్లో చేయించుకోవాలంటే పద్ధతి ఇది. ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల రాగి పిండి, ఏడు గ్లాసుల దాకా నీళ్ళు. బియ్యం కాసేపు నానబెట్టి, ఉప్పు వేసి ఆ నీళ్ళన్నింటితోనూ మెతుకు నలిగేదాకా ఉడికించాలి. గంజి వార్చకూడదు. ఉడుకుతున్న గంజి మధ్యలో పిండిని కుప్పగా పోసి, కలపకుండా, తెడ్డు కాడతో ఆ కుప్ప నడుమ అడుగుదాకా ఒక గుంట చేసి, మూత పెట్టి మంట తగ్గించాలి. గంజి ఆ గుంటలోంచి పైకి ఉబికి పిండి మీద పారుతూ లోపలి నుంచి దాన్ని ఉడికిస్తుంది. పది పన్నెండు నిమిషాలకు పచ్చి పిండి వాసన పోయి కమ్మటి వాసన వస్తుంది. అప్పుడు గిన్నె దించి, కదలకుండా గట్టిగా పట్టుకుని, తెడ్డుతో గిన్నె గోడకు వేసి ఒత్తుతూ కెలకాలి. పిండి పోయగానే కలిపితే ఉండలు కడుతుంది, ఉండ లోపల పిండి పచ్చిగా మిగిలిపోతుంది. చాలామందికి సంగటి చెడేది ఇక్కడే. ఈ పనికి భుజబలం కావాలి. మీ ఇంట్లో ఆడవాళ్ళను అడగక మీరే తెడ్డు పట్టుకుంటే న్యాయంగా ఉంటుందని నా అభిప్రాయం.

తోడుగా ఏమి ఉండేదో మీరు రాయలేదు. చెనక్కాయల ఊరిబిండి అయి ఉంటుందని ఊహిస్తున్నాను. వేయించిన చెనక్కాయ పప్పులు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు నూరి, చివర్లో పచ్చి ఉల్లిపాయ వేసి ఒక్క దెబ్బ వేస్తే చాలు. ఉల్లిపాయ మెత్తగా నలిగితే అది వేరే పచ్చడి అవుతుంది.

ప్రశ్న: మా అమ్మ విజయనగరంలో ఉంటుంది, డెబ్బై దాటాయి. ఆవిడ వంటలన్నీ రాసి పెట్టుకోవాలని కోరిక. ఫోన్‌లో అడిగితే ‘కాస్త’, ‘సరిపడా’, ‘చూసి వేసుకో’ అంటుంది. విసుగు వచ్చి వదిలేశాను. మళ్ళీ మొదలుపెట్టాలంటే ఎలా?
— ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: ఫోన్‌లో అడగడం మానండి. అమ్మగారు దాచిపెట్టడం లేదు, ఆవిడకు నిజంగానే అంకెలలో తెలియదు. ఎన్నో ఏళ్ళుగా కంటితో, చేతితో కొలిచిన మనిషిని గ్రాములలో చెప్పమంటే ఏమి చెబుతారు? సెలవు పెట్టి వెళ్ళి వంటింట్లో పక్కన కూర్చోండి, చేతిలో ఒక చిన్న డిజిటల్ తూకం పెట్టుకోండి. ఆవిడ చేతిలోని కారాన్ని తూచబోతే చేయి ఆగిపోతుంది, చెయ్యి ఆగితే పాళ్ళు మారిపోతాయి. వంటకు ముందు కారం డబ్బాను, ఉప్పు డబ్బాను, నూనె సీసాను, చింతపండు ఉన్న గిన్నెను తూచి రాసుకోండి, వంట అయ్యాక మళ్ళీ తూచండి. తరిగినంతా కూరలోకి వెళ్ళినట్టు. ఆవిడను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా లెక్క తేలిపోతుంది. ఒకే వంటకాన్ని వేర్వేరు రోజుల్లో ఇలా తూచి చూస్తే ‘కాస్త’ అనే మాట ఎంత ఖచ్చితమైన కొలతో మీకే అర్థమవుతుంది.

బియ్యం, పప్పు కొలిచే పాత్ర ఏదో చూడండి. పాత ఇళ్ళలో సోల, తవ్వ, మానిక ఇంకా ఉంటాయి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. 1956 నాటి చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చి అంగడిలో కిలోలు, లీటర్లు స్థిరపడ్డాయి గాని, చాలా వంటిళ్ళలో పాత పాత్రలు కదలలేదు. ప్రాంతాన్ని బట్టి ఈ కొలతల పరిమాణం మారేది కనుక పుస్తకంలోని లెక్క మీద ఆధారపడవద్దు. అమ్మగారి సోలను నీళ్ళతో నింపి ఆ నీళ్ళను తూచండి, ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు.

నిమిషాలు మాత్రం రాసుకోకండి. ఆవిడ స్టవ్ సెగ వేరు, మీ సెగ వేరు, విజయనగరం నుంచి ఇక్కడికి ఎత్తు కూడా వేరు. నిమిషాలకు బదులు ఆవిడ నోటి మాటే రాసుకోండి: పచ్చి వాసన పోయేదాకా, నూనె పైకి తేలేదాకా, మెంతులు ఎర్రబడి నల్లబడక ముందు, గరిటె జారుగా. ఇవి ఏ పొయ్యి మీదైనా పనికివచ్చే గుర్తులు. వీటిని ఆవిడ వండుతూ తనలో తాను అనుకున్నట్టు అంటారు, అడిగితే గుర్తుకు రావు. అందుకే ఫోన్‌ను ఒక మూల రికార్డింగ్‌లో పెట్టి మరచిపోవడం మేలు. మూకుడు ఇనుముదా, సత్తుదా, పచ్చడి రోట్లో నూరారా మిక్సీలో వేశారా అన్నవి కూడా రాయండి. మిక్సీ బ్లేడు కోస్తుంది, రోకలి చితక్కొడుతుంది. దోసకాయ ముక్కల పచ్చడికి, కొబ్బరి పచ్చడికి ఈ తేడా నాలుక మీద స్పష్టంగా తెలుస్తుంది. రోలు తెచ్చుకోలేకపోతే మిక్సీని ఆపి ఆపి తిప్పడం తప్ప మార్గం లేదు.

ఇంకొక మాట. అమ్మగారు ఇప్పుడు చేస్తున్న వంటలనే రాస్తే సగం పోతాయి. పిల్లలు ఊరు వదిలాక, ఇంట్లో ఒకరికి రక్తపోటు వచ్చాక, పళ్ళు కదిలాక మానేసినవి చాలా ఉంటాయి. ‘మీకు ఏమేమి వచ్చు’ అని అడిగితే నాలుగు పేర్లు చెప్పి ఊరుకుంటారు. పంచాంగం పట్టుకుని నెల నెలా అడగండి: సంక్రాంతికి అరిసెల పాకం ఎవరు చూసేవారు, అట్లతద్దికి అట్ల పిండిలో ఏమి కలిపేవారు, వినాయక చవితికి ఉండ్రాళ్ళు ఎన్ని రకాలు, పనసకాయ దొరికే నెలల్లో పొట్టు ఎవరు కొట్టేవారు, ఆ కూరలో ఆవ ఎప్పుడు పెట్టేవారు. పనసపొట్టు కూరలో ఆవ ముద్దను పొయ్యి దించాకే కలుపుతారు, సెగ మీద ఉండగా కలిపితే ఆవ ఘాటు పోయి చేదు మిగులుతుంది. ఇలాంటివి ఎవరూ చెప్పాలనుకుని చెప్పరు, ఆ పూట వండితే బయటపడతాయి. పెద్దమ్మనో పిన్నినో కూడా అదే పూట పిలిపించుకోగలిగితే ఇంకా మంచిది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒక పులుసు గురించి వాదించుకుంటుంటే మీకు రెండు పద్ధతులు, నాలుగు కుటుంబ కథలు ఉచితంగా దొరుకుతాయి.

ప్రశ్న: నేను మైసూరు అమ్మాయిని. మావారిది గుడివాడ. ఆయన చిన్నప్పుడు మేనత్త ఇంట్లో తిన్న ఉలవచారు గురించి తరచూ చెబుతారు. మా అత్తగారు ఇప్పుడు లేరు. ఆయన పుట్టినరోజుకు చేసి పెట్టాలని ఉంది. నాకు తెలుగు మాట్లాడటం వచ్చు గాని రాయడం రాదు, ఈ ఉత్తరం మా పక్కింటి ఆంటీతో రాయించాను.
— ఒక పాఠకురాలు, జయనగర

జవాబు: అమ్మా, మీకు సగం వచ్చినట్టే. మీ పుట్టింట్లో హురుళి కట్టు సారు చేస్తారు కదా. ఉలవలు ఉడికించి ఆ కట్టు వంచడం దాకా రెండూ ఒకటే దారి. అక్కడి నుంచి మీరు కొబ్బరి, మసాలా నూరి వేస్తారు. కృష్ణా జిల్లాలో అవేవీ వేయరు, కట్టునే మరగబెట్టి చిక్కబరుస్తారు. అరకిలో ఉలవలను రాళ్ళు ఏరి, కడిగి, రాత్రంతా నానబెట్టి, సమృద్ధిగా నీళ్ళు పోసి సన్నటి సెగ మీద గింజ వేళ్ళ మధ్య నలిగేదాకా ఉడికించండి. వెనకటి రోజులలో ఎడ్లకు పెట్టే ఉలవలు పెద్ద కాగుల్లో ఇలాగే గంటల తరబడి ఉడికేవి, గింజ ఎడ్లకు, కట్టు ఇంటికి. వంచిన కట్టులో చిక్కటి చింతపండు రసం, చీల్చిన పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు, కొద్దిగా బెల్లం వేసి సగానికి ఇగిరేదాకా వదిలేయండి. రంగు ముదిరి, గరిటె వెనుక పూత నిలవాలి. చివర ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, కరివేపాకుతో పోపు.

తొందరపడి శనగపిండి కలిపి చిక్కన చేయవద్దు, ఆయన మొదటి ముద్దకే పట్టేస్తారు. ఇంకొక సంగతి, చారును ముందురోజే చేయండి, మరునాటికి పులుపు, కారం ఒద్దికగా కలుస్తాయి. వడ్డించేటప్పుడు వేడి అన్నంలో చారు, పైన మీగడ గాని వెన్న గాని. గుడివాడ మనిషికి అది లేకుండా పెడితే పుట్టినరోజు పూట కూడా అలుగుతారు.

ప్రశ్న: ప్రతి వేసవికీ అమ్మమ్మ ఆవకాయ పంపేది. రెండేళ్ళుగా నేనే ఇక్కడ పెడుతున్నాను. రంగు బ్రహ్మాండంగా వస్తోంది, కారం మాత్రం ఉండదు. రెండు నెలలకే ముక్క మెత్తబడిపోతోంది. పోయిన ఏడు కాస్త చేదు కూడా వచ్చింది.
— ఒక పాఠకురాలు, బి.టి.ఎం. లేఅవుట్

జవాబు: రంగు బాగుండి కారం లేదంటే మీరు బ్యాడగి కారం వాడుతున్నట్టు. హావేరి జిల్లా బ్యాడగి మిరపకు 2011లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని ప్రత్యేకత ఎర్రటి రంగు, మంట చాలా తక్కువ. ఇక్కడి దుకాణాలలో మంచి కారం అని అడిగితే చాలాసార్లు అదే చేతికి వస్తుంది. సాంబారుకు అంతకన్నా మంచి మిరప లేదు, ఆవకాయకు మాత్రం గుంటూరు మిరప కావాలి. రంగు మీద మోజు ఉంటే మూడు పాళ్ళు గుంటూరు, ఒక పాలు బ్యాడగి కలుపుకోండి. మిరపకాయలు కొని మరలో పట్టించుకోగలిగితే ఏమి కలిసిందో మీకే తెలుస్తుంది.

ముక్క మెత్తబడటానికి కాయే కారణం కావచ్చు. ఇక్కడ విరివిగా దొరికే ముక్కు కాయ తోతాపురి, మన ఊళ్ళలో కలెక్టర్ కాయ అంటాము. ఉప్పూ కారం చల్లుకుని తినడానికి అది హాయిగా ఉంటుంది, ఏడాది నిలవ ఉండవలసిన ఊరగాయకు పనికిరాదు. పీచు, పులుపు, గట్టి టెంక ఉన్న కాయ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో కె.ఆర్. మార్కెట్‌కు పొద్దున్నే వెళ్ళి నాటు పుల్ల కాయ అడగండి. వేలితో నొక్కితే ఏమాత్రం లొంగకూడదు, కోస్తే లోపల తెల్లగా ఉండాలి, పసుపు రంగు తిరిగితే వద్దు. ముక్కముక్కకూ టెంక ఉండేటట్టు కొట్టించి, జీడి, దాని కింది పల్చటి పొర తీసి, పొడి గుడ్డతో ఒక్కొక్క ముక్కనూ తుడవాలి. ఈ తుడవడం దగ్గర ఓపిక పోతే మిగతా ఓపికంతా వృథా.

పాళ్ళు ఇళ్ళను బట్టి మారుతాయి గాని, కిలో ముక్కలకు కారం, ఆవపిండి 250 గ్రాముల చొప్పున, ఉప్పు 200 నుంచి 225 గ్రాములు, నువ్వుల నూనె అర లీటరు అన్నది నమ్మకమైన లెక్క. పైన గుప్పెడు మెంతులు, కాస్త పసుపు, ఇష్టముంటే వెల్లుల్లి. చేదు వచ్చిందంటే ఆవాలు మిక్సీలో ఎక్కువసేపు తిరిగి వేడెక్కి ఉంటాయి. ఆవాలను ఎండలో పెట్టి, పూర్తిగా చల్లారాక, కొద్ది కొద్దిగా, ఆపి ఆపి పొడి చేయండి. జాడీలో తేమ లేకుండా చూడండి. నూనె కొనేటప్పుడు ఒక జాగ్రత్త: దుకాణంలో నువ్వుల నూనె పక్కనే దీపారాధన నూనె సీసాలు ఉంటాయి, ధర తక్కువ, రంగు అదే. సీసా మీద తినడానికి కాదని చిన్న అక్షరాలతో ఉంటుంది, చదివి తీసుకోండి.

బెంగళూరులో ఏప్రిల్, మే సాయంత్రాలు ఉన్నట్టుండి ఉరుములతో వాన పడుతుంది. ఉప్పు, ఆవాలు, మిరపకాయలు ఎండబెట్టే పని ఉంటే ఫిబ్రవరి, మార్చిలోనే ముగించుకుని డబ్బాలకెక్కించండి. కలిపిన ఊరగాయను మూడో రోజున అడుగుదాకా తిరగకలిపి, ఉప్పు చూసి, చాలకపోతే అప్పుడే వేయండి. అప్పటికి ముక్కలు ఊట దిగి నూనె పైకి తేలి ఉండాలి, తేలకపోతే ఇంకొంత నూనె పోసి ముక్క కనిపించకుండా ముంచండి.